అక్క వైవా రోజు ఆగిన సాంచాలు

మా చిన్నప్పుడు... నవ్వకండి, కరోనా కాలం మాటే, నాకప్పుడు పన్నెండేళ్లు... సూరత్‌లో, లింబాయత్ గల్లీలో, పాత కంప్యూటర్ల దుకాణం ముందు సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడ్డాం. బాపు ఒకదాంట్లో, అక్క ఒకదాంట్లో. నేను మాత్రం కాలు నిలవక ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి గెంతుతూనే ఉన్నాను.

అక్కకు డిప్లొమాలో సీటొచ్చింది. కంప్యూటర్ చదువు, క్లాసులన్నీ ఇంట్లోంచే. మా దగ్గరున్న డబ్బుకు రెండింట్లో ఒకటే వస్తుందన్నాడు దుకాణం భాయ్... ఓ చిన్న పాత లాప్‌టాప్, లేదంటే పెద్ద తెర ఉన్న డబ్బా కంప్యూటర్.

అక్క కళ్లు లాప్‌టాప్ మీదే. నేనేమో "పెద్దది బాపూ, పెద్దదే!" అని ఒకటే గొడవ. అక్క చదువు కోసం కాదులెండి... నా ఆటల కోసం.

లాప్‌టాప్ అయితే ఎక్కడికైనా పట్టుకుపోవచ్చని భాయ్ హిందీలో చెప్తూనే ఉన్నాడు.

"ఏడికి మోస్కపోతది? కాలేజీకే రానిస్తలేరాయె," అన్నాడు బాపు.

అలా డబ్బా కంప్యూటర్ ఇంటికొచ్చి కుట్టుమిషను బల్ల మీద కూర్చుంది. అమ్మ దానికి పాత చీర ముక్క కప్పింది.

మేం మరిచిపోయింది ఒక్కటే... మా గది కిందే సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు. బాపు నడిపేది వాటినే. లాక్‌డౌన్‌లో మూతపడి నెలలైంది. పుట్టినప్పటి నుంచి ఆ మోతలోనే బతికినవాళ్లం, అదొక మోత అని ఎవరికీ తట్టలేదు.

ఊళ్లకు పోయిన పనివాళ్లు తిరిగొచ్చారు... సాంచాలు మొదలయ్యాయి. బాపు ముఖంలో మళ్లీ కళ వచ్చింది. ఆ రోజే అక్క హాజరు పలికితే సారు "ఆవాజ్ నహీ ఆ రహీ" అన్నారు, మాట వినపడట్లేదని. మర్నాడూ అదే. మైకు మార్చినా అదే. డబ్బా కంప్యూటర్ ఎత్తుకుని అక్క ఎటు పోతుంది? నన్ను ఒక్క మాట కూడా అనలేదు... తిట్టినా బాగుండేది.

అంతలో వైవా వచ్చిపడింది. ప్రోగ్రాం తెర మీద చూపిస్తూ నోటితో చెప్పాలి. మాట వినపడకపోతే ఆ పరీక్ష పోయినట్టే.

"బాపుకు చెప్పకు. ఇన్ని నెలలకు పని మొదలైంది," అంది అక్క.

నేను ఆగగలనా... మెట్లు దిగుతాను, ఎక్కుతాను, మళ్లీ దిగుతాను... చివరికి కార్ఖానాలోకి దూరాను. అక్కడ మాట వినపడదు, అన్నీ చేతి సైగలే. పైకి చూపించాను. నోటి దగ్గర వేళ్లు ఆడించాను. పది వేళ్లు చూపించి, ఇంకో వేలు చూపించాను. పిడికిలి బిగించి "ఆపు" అన్నాను.

బాపు చూశాడు. తలైనా ఊపకుండా తెగిన దారం ముడి వేసుకుంటున్నాడు. నేసిన మీటర్ల లెక్కన కూలి, ఆపమని మళ్లీ ఎలా అడుగుతాం... పైకొచ్చేశాను.

పదకొండింటికి సారు అక్క పేరు పిలిచారు. కింద ఒక సాంచ ఆగింది... ఇంకొకటి... బాపువి నాలుగే. కానీ ఆ వరసా ఆగింది, అవతలి వరసా ఆగింది.

అంత నిశ్శబ్దంలో మాట్లాడటం అక్కకు అలవాటు లేదు కదా! గొంతు చించుకుని జవాబులు చెప్పింది. గల్లీ అంతా విన్నది. కింద బాపు వాళ్లూ విన్నారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు బాపు.

"సారు ఏమన్నడు బిడ్డా?"

"జర మెల్లగ మాట్లాడుమన్నడు బాపూ."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

అక్క ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. నేను ఈ ఏడే కాలేజీలో చేరాను... హాస్టల్ గది, పుస్తకమంత లాప్‌టాప్. చెవిలో పెట్టుకునేది ఒకటి కొనిచ్చింది అక్క, చుట్టుపక్కల చప్పుడంతా దానంతటదే తీసేస్తుంది. నా మాట వినపడాలంటే ఇప్పుడు ఎవరూ ఏమీ ఆపక్కర్లేదు...

మీ కోసం ఎవరైనా చేతిలో పని ఆపిన రోజు ఉందా? ఉంటే కింద రాయండి... ఇక్కడ మరీ నిశ్శబ్దంగా ఉంది.