బావిలో జోగయ్య

జోగయ్యకున్న జబ్బుల్లో డాక్టర్లకు అంతుపట్టనిది ఒకటే. ఫోనులో ఆట మొదలైతే చాలు, బావిలో దూకుతాడు. దాటడానికి పలక వేసి ఉన్నా దూకుతాడు. దూకి, ఏమీ ఎరగనట్టు "కాలు జారిందమ్మా, తాడెయ్యి" అంటాడు.

అది ఇద్దరు కలిసి ఆడే ఆట. ఒకరు పడితే రెండోవారు తాడు వేసి లాగాలి, లేకపోతే ఇద్దరికీ ముందుకు దారి లేదు. కాడుగోడి డయాలిసిస్ సెంటరులో పక్కపక్క మంచాలు, చెరో చేతికీ సూదులు, మిగిలిన చేత్తో ఆట. "నీదొకటి, నాదొకటి. ఇద్దరం కలిస్తే ఒక మనిషి" అనేవాడు జోగయ్య. మార్కెట్లో ఉల్లిపాయలమ్మి ముదిరిన గొంతు, వార్డంతా వినబడేది.

పక్క మంచం మీది కిరణ్మయికి మొదట్లో నవ్వు రాలేదు. వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం, ముప్పై నిండని వయసు, పనిచెయ్యని కిడ్నీలు. ఆ మంచం ఎక్కిన మొదటి వారమే "ఇంక రాను" అని టెక్నీషియన్ మస్తాన్‌తో చెప్పేసింది. మానేస్తే ఎన్నాళ్ళో బతకదని ఆమెకు తెలుసు. తెలిసే చెప్పింది.

ఆ పూటే పక్క మంచం ముసలాయన పిలిచాడు. "ఈ ఆట ఒక్కరితో కాదంట. జోడీకి రా తల్లీ."

మొహమాటానికి ఒప్పుకుంది. ఐదు నిమిషాల్లో దాటాల్సిన దారి గంటైనా దాటలేదు. కష్టం ఆటది కాదు, జోగయ్యది.

"కావాలనే దూకారు కదా అంకుల్?"

"నీళ్ళు ఎక్కువ తాగొద్దన్నాడు డాక్టరు. మునగొద్దని చెప్పలేదు గదా. సుమ్నే, ఊరికే ఒక మునక వేస్తి."

మిషను ఆగే వేళకు ఆయన మళ్ళీ బావిలో ఉన్నాడు. ఆమె తాడు వేసేలోపే ఫోను జేబులో పెట్టేశాడు. "నేనింకా బాయిలోనే ఉండా. బేస్తవారం వచ్చి లాగు."

"నేను రానని చెప్పాగా."

"అట్లైతే ఆడే ఉంటాలే. నాకేమి, చల్లగుండాది."

గురువారం తిట్టుకుంటూ వచ్చి లాగింది. చివర్లో ఆయన మళ్ళీ దూకాడు. శనివారమూ అంతే. ఎన్నిసార్లు తోడినా ఆ బావిలోంచి జోగయ్యే వచ్చేవాడు. ఆట రెండింతలు కష్టమైంది, మంచం మీద నాలుగు గంటలు మాత్రం తేలికయ్యాయి. సూది దిగేటప్పుడు ఆమె ఇదివరకు దేవుణ్ణి తిట్టేది. ఇప్పుడు జోగయ్యను తిడుతోంది.

నెలలు గడిచాయి. ఒక మంగళవారం ఆయన దూకేలోపే ఆమె ఆట ఆపేసింది. "ఈసారికి గట్టునే ఉండండి" అంది, గెలిచినట్టు.

గురువారం పక్క మంచం ఖాళీగా ఉంది. మంచం ఖాళీ అయితే ఆ వార్డులో ఎవరూ కారణం అడగరు. కిరణ్మయి అడిగింది.

"గుండె తేడా చేసి పెద్దాసుపత్రిలో ఉన్నాడు మేడం" అన్నాడు మస్తాన్. "ఇంక ఈ సూదులు చాలు, రానంటున్నాడంట." ఆమె సూదికి టేపు అంటిస్తూ మళ్ళీ అన్నాడు. "మీరు రాకముందు నాతోనే ఆడేవాడు. ఒక్కసారీ పడలేదు. పడితే నేనే పడాలి, ఆయనే లాగేవాడు."

కిరణ్మయికి కళ్ళు మండాయి. కోపమో ఏడుపో తేల్చుకోకుండానే ఆట తెరిచి, తన బొమ్మను బావిలోకి దూకించింది. ఆ తర్వాత ఆయనకు ఫోను చేసింది.

"అంకుల్, నేను బావిలో ఉన్నా."

అటునుంచి చాలాసేపు దగ్గు. "పలక ఉండాది కదమ్మా."

"కాలు జారింది. శనివారం వచ్చి లాగండి."

"నాతో కాదు తల్లీ."

"అయితే ఇక్కడే ఉంటా. చల్లగా ఉంది."

శనివారం జోగయ్య చక్రాల కుర్చీలో వచ్చాడు. సగమైపోయాడు. సూదులు పెట్టించుకుని, మిగిలిన చేత్తో తాడు వేశాడు.

"కావాలనే దూకితివి కదా?"

"డాక్టరు మునగొద్దని చెప్పలేదుగా."

ఆయనకు నవ్వాగలేదు. ఆ నవ్వులో బొటనవేలు తప్పి, సగం దాకా వచ్చిన కిరణ్మయి మళ్ళీ బావిలో పడింది. ఈసారి మాత్రం నిజంగానే జారింది.