ఏడో దెబ్బ ఎవరి కోసం?

మా చోడవరం చర్చిలో క్రిస్మస్ కోలాటానికి ఫిడేలు వాయించేది మా ఆయనే. ఆ పాటది సమమైన నడక కాదు. మూడు దెబ్బలు చకచకా పడతాయి, తర్వాతి నాలుగు నింపాదిగా పడతాయి. ఆఖరి దెబ్బకి ఆడవాళ్ళు గిర్రున తిరిగి పక్కావిడ కర్రకి కర్ర తగిలించాలి. కొత్తవాళ్ళు తొందరపడి ముందే తిరిగి వేళ్ళ మీద కొట్టించుకుంటారు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ నడక చెప్పేస్తాను.

ఈ ఏడు ఆ ఏడో దెబ్బ సాగింది. కమాను తీగ మీద ఒక్క క్షణం ఎక్కువ ఉండిపోతోంది. మిగతావాళ్ళు, "ఈసారి భలే ఊరించి వాయిస్తన్నారు" అని మురిసిపోయి, ఆ సాగుడికే అడుగు కలిపేశారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ దెబ్బకి తిరిగి సరిగ్గా ఆయనకి ఎదురుగా నిలబడేది రోలుగుంట నుంచి బదిలీ మీద వచ్చిన టీచరమ్మ. ప్రాక్టీసుకి కూడా ఇస్త్రీ చీరలో వస్తుంది మహాతల్లి!

ఇంటికొచ్చాక అడిగేశాను. "ఏటండీ, ఆవిడ ఇటు తిరిగితే సాలు, మీ కమాను అక్కడే ఉండిపోతాదేటి?"

"నేనేటి సేసేను? పాటే అలాగుంటాది" అన్నారు, నా వంక చూడకుండా.

పాట అలా ఉంటుందా? ఇన్నేళ్ళుగా వింటున్నదాన్ని, నాకా చెప్పేది! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది అనుకున్నాను.

మర్నాడు ప్రాక్టీసులో, "పొడుగువాళ్ళు ఎనక ఉంటే బాగుంటాదమ్మా" అని నేనే టీచరమ్మని వెనక వరుసకి పంపేశాను. కమాను మళ్ళీ అక్కడే సాగింది. అబ్బో, ఆవిడ ఎదురుగా లేకపోయినా సాగదీస్తున్నారంటే, నాకు దొరక్కూడదని ఎంత జాగ్రత్త! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, నాకు కళ్ళు లేవనుకుంటోంది. సాగదీస్తే ఒక అనుమానం, సాగదీయకపోయి ఉంటే ఇంకో అనుమానం వచ్చేది నాకు. ఆ రాత్రి అన్నం కంచం కాస్త గట్టిగానే పెట్టాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పెరట్లో చేపలు తోముతున్నాను. వెనక వసారాలో ఆయన ఒక్కరే ఫిడేలు పట్టుకున్నారు. నా చెవి అటే ఉంది. మూడు చకచకా పడ్డాయి. నాలుగు నింపాదిగా మొదలయ్యాయి. ఏడోది సాగింది.

ఆ వసారాలో టీచరమ్మ లేదు. ఎవ్వరూ లేరు.

చేతులైనా కడుక్కోకుండా వెళ్ళి స్తంభం పక్కన నిలబడ్డాను. ఏడో దెబ్బ దాటి తర్వాతి స్వరానికి వెళ్ళాల్సి వచ్చేసరికి ఆయన ఎడమ చిటికెన వేలు తీగ మీదకి దిగడం లేదు. గాలిలో వణుకుతూ నిలబడిపోతోంది. అది దిగేదాకా కమానుని లాగుతూనే ఉన్నారు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

ఉలిక్కిపడ్డారు. "వానల ముందు నుంచి. సెప్తే ఫిడేలు మూల పెట్టించేస్తావని సెప్పలేదే. ఇప్పుడు పక్క వేలూ అలాగే అవుతంది."

గుమ్మంలో కూలబడ్డాను.

"టీచరమ్మ కోసమే సాగదీసేనని సెప్పండి. ఆవిడంటే ఇష్టమని సెప్పండి. దెబ్బలాడతాను, మాటాడ్డం మానేస్తాను, మళ్ళీ నేనే పిలిచి అన్నం పెడతాను. అదేనని సెప్పండి!"

ఆయన ఆ వేలు తెచ్చి నా చేతిలో పెట్టారు. నా బలం కొద్దీ నొక్కాను.

"నొక్కుతన్నావా?" అన్నారు.