మిషనక్క బ్యాటరీ, అవ్వ కుండ

ఆ రోజుల్ల నాకు తెలివి ఎక్కువ, తెలిసింది తక్కువ. ఇరవై దాటిన కొత్తల అందరికీ గట్లనే ఉంటదేమో గాని, నాకు జర ముదిరింది. డిప్లొమా కాగితం చేతికొచ్చిన కాణ్ణుంచి లోకంల ఎలిగే బుగ్గలన్నీ (మా దిక్కు బల్బును బుగ్గ అనేటోళ్ళు ఇంకా ఉన్నరు) నా పుణ్యానే ఎలుగుతున్నయన్నట్టు నడిచేటోణ్ణి. మాది బోనకల్ పక్క పల్లె. "మిరపకాయ ఏరేటోళ్ళు దొరుకుతలేరు, ఇంటికాడ ఉండరా" అని మా నాయిన మొత్తుకున్నా ఇనకుండ, అడవి ఊళ్ళల్ల సోలారు పలకలు పెట్టిచ్చే ఒక చిన్న సంస్థల చేరిన. కిరాయి గది కొత్తగూడెంల, పని చర్ల అవతల. బస్సు దిగినంక ఆటో దొరికితే ఆటో, లేకుంటే నడక. నా దగ్గర హైడ్రోమీటరు ఉండేది. బ్యాటరీల యాసిడ్ చిక్కగుందా, పల్చబడ్డదా చెప్పే గాజు గొట్టం అది. సంచిల పెట్టుకోవాల్సిన దాన్ని నలుగురికి కనపడాలని చొక్కా జేబుల పెట్టుకునేటోణ్ణి, సగం బయటికే ఉండేది. సూదిమందు ఏసే డాక్టరు అనుకొని ఊరి పిల్లలు నన్ను చూస్తే ఇండ్ల ఎనక దాక్కునేటోళ్ళు.

అట్లా తిరిగిన ఊళ్ళల్ల ఒక ఊళ్ళె మిషనక్క ఉండేది. ఊరు మొత్తంల కుట్టుమిషను ఉన్న మనిషి ఆమె ఒక్కతే కాబట్టి చిన్నా పెద్దా అందరికీ మిషనక్కనే. చిన్నప్పుడు వచ్చిన జరంల ఆమె కాలు ఒకటి సన్నబడి బలం పోయింది. కాలుతోని తొక్కే మిషను ఆమెతోని కాదు, మోటరు మిషనే గతి. మోటరుకు కరెంటు కావాలె. ఆ ఊరికి కరెంటు తీగెలు ఉండె గాని, అందుల కరెంటు వచ్చుడు దూరపు సుట్టం వచ్చినట్టే: ఎప్పుడొస్తదో ఎరుక లేదు, వస్తే ఎంతసేపు కూసుంటదో ఎరుక లేదు. అందుకని ఆమె బతుకుదెరువంత ఇంటి మీది సోలారు పలక మీద, కిందున్న బ్యాటరీ మీద నిలబడ్డది.

ఆ బ్యాటరీ కొన్న కథ గూడ చెప్పాలె. మిషనక్క అయ్యను నేను పెద్దయ్య అనేటోణ్ణి. చర్లల ఎవరిదో పాత ట్రాక్టరు బ్యాటరీ అగ్గువకు వస్తుందని ఆయన పట్టుబట్టిండు. "ట్రాక్టరునే లేపుతది, గింత మిషన్ను లేపదా సారూ?" అని అడిగిండు. "పెద్దయ్యా, బండలాగుడు పందెం ఎడ్లు వేరు, నాగలి ఎడ్లు వేరు. ట్రాక్టరు బ్యాటరీ ఒక్క గుంజు గుంజి ఊకుంటది. మనకు పొద్దంత నెమ్మదిగ నడిచేది కావాలె" అని చెప్పిన. (ఆ ఉద్యోగంల నేను చెప్పిన మంచి మాట అదొక్కటే.) పెద్దయ్యకు అది ఎంత బాగ అర్థమైందంటే, కొత్తగూడెం దుకాణంల బ్యాటరీలను అంగడిల ఎడ్లను చూసినట్టే చూసిండు. చుట్టూ తిరిగిండు, పక్కల మీద తట్టిండు. "దీనికి ఈడెంత?" అని అడిగితే దుకాణపాయన బిత్తరపోయిండు. నేను జల్దీ కల్పించుకొని డబ్బా మీద కొట్టిన నెల, సంవత్సరం చూపిచ్చి "ఎద్దు ఈడు పన్ను చూసి చెప్పినట్టు, గిదే దీని పన్ను" అన్న. ఒక్క తీరు కొలతవి రెండు ఉంటే, రెండిటినీ లేపి చూసి బరువున్నదాన్ని పట్టుకున్నడు. సీసం ఎక్కువుంటే బరువుంటదని నేను మొదలుపెట్టేలోపే "బలిసిన గొడ్డే మంచి గొడ్డు" అని బేరం ముగించిండు. పెద్ద పేరున్నది కాదు గాని, ధరకు తగ్గ సరుకే.

ఇంటికి తెచ్చి కిటికీ పక్కన చెక్కపలక మీద పెట్టినంక నేను పాఠం అందుకున్న. "అక్కా, సగం కంటె ఎక్కువ ఎన్నడు వాడుకోవద్దు. తీగెలు బిగించిన కాడ తెల్ల పొడి పడితే తుడిచి వాజిలిన్ రాయాలె. మూతల మీద గీ పుల్లలున్నయ్ చూసినవా, గివి పచ్చగీత కాడ ఉంటె సల్లగుంటం, ఎర్రగీతకు దిగితే డిస్టిల్ వాటర్ పొయ్యాలె. బాయి నీళ్ళు పోసినవో, బ్యాటరీ ఖతం!" అని రెండు క్యాన్లు ఆమె ముందట పెట్టిన. అక్కడికి ఆగితే అయిపోయేది. గొప్ప కోసం ఇంకో మాట కలిపిన: "ఇవి మామూలు నీళ్ళు కావు. ఆవిరి పట్టి తీసినయ్. ఇంత మంచి నీళ్ళు చర్ల మొత్తంల దొరకవు." అక్క పాఠమంత ఇన్నది. పెద్దయ్య చివరి మాట ఒక్కటే ఇన్నడు.

ఆ తర్వాత నేను ఎప్పుడు పోయినా, చెప్పులు ఇడిచి అరుగు మీద కూసోంగనే పెద్దయ్య చెంబుతోని నీళ్ళు తెచ్చిచ్చేటోడు. గడగడ తాగేటోణ్ణి. "ఏం నీళ్ళు పెద్దయ్యా! గింత తేలిగ్గున్నయ్, కొండ ఊట నీళ్ళా?" అని అడిగితే ఆయన నవ్వి ఇంకింత పోసేటోడు. దారిల తాగనీకి సీసల గూడ పట్టుకపోయేటోణ్ణి. కొత్తగూడెం గదిల దోస్తులకు రుచి చూపిచ్చి, "అడవి నీళ్ళంటే గివిరా, కొన్ని నీళ్ళల్లనే మందు గుణం ఉంటది" అని ఉపన్యాసం ఇచ్చిన. ఒకడైతే తన కడుపు మంట తగ్గిందన్నడు.

ఎండాకాలం గడిచింది. ఆ ఏడు మిషనక్కకు మొదటిసారి పెద్ద పని దొరికింది, అడవి బడి పిల్లల యూనిఫారాలు. అప్పటిదాక అవి చర్లల పెద్ద దర్జీ దుకాణానికే పోయేటియి. అక్క స్వయంగ బడికి పోయి, పెద్దసారును బతిమిలాడి, బడి తెరిచేలోపు ఇస్తనని ఒప్పుకొని గుడ్డ తెచ్చుకున్నది. సగం కుట్టేసరికి మిషను నీరసపడ్డది. గుట్ట ఎక్కి, సిగ్నలు అందుకొని నాకు ఫోను చేసింది. "తమ్ముడూ, పుల్లలు ఎర్రగీత కింద పడ్డయ్. నీళ్ళు పోద్దమంటే భయమైతుంది, నువ్వే వచ్చి పొయ్యి. ఈ పని చెడితే మళ్ళ నాకు ఎవ్వరు పనియ్యరు" అన్నది. ఆ గొంతు ఇన్నంక నేను బస్సు కోసం ఉరికిన.

ఎండల పడి నడిచొచ్చి అరుగు మీద కూలబడ్డ. పెద్దయ్య చెంబు తెచ్చిండు. తాగి, మూతి తుడుచుకొని, "ఆహా" అని, హైడ్రోమీటరు తీసి బ్యాటరీ ముందు కూసున్న. మూతలు విప్పి చూస్తే లోపల నీళ్ళు దిగిపోయి ప్లేట్ల అంచులు బయటపడ్డయ్. "ఏం కాదు, సమయానికి వచ్చిన. క్యాను తే అక్కా" అన్న. అక్క మూలకున్న క్యాను లేపింది. లేపుడుతోనే ఆమె మొకం మారింది. రెండోది లేపింది.

"అయ్యా, ఈ నీళ్ళు ఏమైనయే?"

పెద్దయ్య నా దిక్కు చూసిండు, నా పక్కనున్న చెంబు దిక్కు చూసిండు. "సారు తాగిండు గదనే" అన్నడు. "ఇప్పుడు తాగింది ఆఖరు చెంబు."

నేను చెంబును పక్కకు జరిపిన. ఆయనే మళ్ళ అందుకున్నడు. "గింత మంచి నీళ్ళు చర్లల గూడ దొరకవని సారే చెప్పె. వచ్చిన మనిషికి మంచియి పెట్టకుంట దాసుకుంటమా? నేను ఒకపారి నాలిక మీద ఏసుకున్న, సప్పగ సచ్చినట్టున్నయ్. పాపం, పట్నపోళ్ళు గివ్వే తాగి బతకాల్నా అని జాలిపడ్డ." అక్క ముందు నవ్వింది. నవ్వుతనే కుట్టని గుడ్డ తాను దిక్కు చూసి కండ్లు తుడుచుకున్నది. ఆరు నెలల సంది బ్యాటరీకి పొయ్యాల్సింది నా కడుపుల పోసుకున్న సంగతి అప్పటికి నాకు పూర్తిగ తలకెక్కింది.

పోయి తెద్దమంటే దారిల వాగు పొంగింది. మా నెత్తిన చుక్క వాన లేదు, ఎగువన ఛత్తీస్‌గఢ్ కొండలల్ల ఎక్కడో పడి ఇక్కడ దారి మూసింది. వాన నీళ్ళు పట్టుదమన్నా ఆకాశం తెల్లగుంది. నేను తల పట్టుకొని కూసున్న కాడికి ఎదురుంగ, పెద్దయ్య వాళ్ళమ్మ, అంటె మా అందరికీ అవ్వ, ఎండిన ఇప్పపువ్వు చెరుగుతున్నది. ఇప్పసారా దింపుడుల ఆ ఊళ్ళె ఆమె తర్వాతనే ఎవరైనా. ఆవిరి పట్టుడు, సల్లార్చుడు, చుక్క చుక్క దింపుడు... నేను లేచి ఉరికి ఆమె కాళ్ళ కాడ కూసున్న.

"అవ్వా, నీ కుండ పెట్టాలె. పువ్వు వద్దు, ఉత్త నీళ్ళు."

"నీళ్ళు పోసి, నీళ్ళు కాసి, నీళ్ళే దింపాల్నా?" అవ్వ చాట పక్కకు పెట్టింది. "ఎండ తాకిందిరా నీకు? పువ్వు లేకుంట కుండ పెట్టిందంటె ఊరంత నవ్వుతరు. నా పేరు ఏం గావాలె?"

అక్క వచ్చి వాళ్ళు ఇంట్ల మాట్లాడుకునే భాషల ఏదో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెల్వదు గాని, అవ్వ మనవరాలి కాలు దిక్కు చూసి, లేచి కొంగు బిగించింది. వాసన పట్టని కొత్త కుండలు తీపిచ్చిన. కింద కుండల నీళ్ళు కాగుతయ్, పైన సల్లనీళ్ళ గిన్నె, మధ్యల ఆవిరి సల్లబడి కారే చుక్కలకు మట్టిది వద్దని కడిగిన స్టీలు గిన్నె. సందులకు బురద మెత్తి పొయ్యి ముట్టిచ్చింది అవ్వ.

పొగ లేచుడుతోనే ఊరు కదిలింది. అవ్వ పొయ్యి కాడ పొగ అంటె ఏందో అందరికీ ఎరుకే. మోదుగాకు దొప్పలు చేతపట్టుకొని ఒకరి ఎనక ఒకరు వచ్చి సల్లగ కూసున్నరు. "నీళ్ళే" అని నేను మొత్తుకుంటె "అవ్ సారూ, మాక్కూడ నీళ్ళే పొయ్యుండ్రి" అని కన్ను గీటిండ్రు. ఆ ఊరి కాయిదా ప్రకారం దింపిన మొదటి చుక్కలు పెద్దలకు, అంటె కాలం చేసిన పూర్వీకులకు, నేల మీద పొయ్యాలె. అవ్వ పోసింది. పోసి, "పెద్దలారా, ఇందుల సారా ఏం లేదు, తిట్టకుండ్రి. తప్పు నాది గాదు, గీ బాటిరి పోరనిది" అని దండం పెట్టింది. తర్వాత సరుకు ఘాటు చూసుడు పెద్దయ్య వంతు. మంచి సారా నిప్పుల మీద చల్లితే భగ్గున మండుతది. ఆయన గంభీరంగ దోసిట్లకు తీసుకొని పొయ్యిల చల్లిండు. "సుయ్" మని ఒక మూల నిప్పంత ఆరిపోయింది. "ఓ యమ్మా, మంటలార్పే సారా నా తరంల చూల్లే!" అన్నడు పెద్దయ్య. ఇగ చూడు, కూసున్నోళ్ళు కూసున్నట్టే పొర్లి పొర్లి నవ్విండ్రు. అవ్వ కట్టె పట్టుకొని అందర్నీ తరిమింది. నన్ను గూడ.

సాయంత్రానికి కావల్సినన్ని నీళ్ళు దిగినయ్. గరాటు పెట్టి గడి గడికి పోస్తుంటె పుల్లలు ఒక్కొక్కటే లేచి పచ్చగీత కాడ నిలబడ్డయ్. తెల్లారి ఎండకు బ్యాటరీ ఛార్జి ఎక్కాలె, మధ్యాహ్నం దాక మోటరు ముట్టొద్దని చెప్పిన. అక్క మిషను ముందు చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్నది. నేను గొట్టం ముంచుడు, అందుల తేలే బుడిగె ఎంత లేచిందో చూసుడు, తీసుడు. ప్లేట్లు ఎండిపోయి ఉంటయా, నేను తాగింది ఈ మనిషి బతుకునా అని లోపల గుబులు. చివరికి "ఇగ కానియ్ అక్కా" అన్న. మీట నొక్కింది. మోటరు గుర్రుమన్నది, సూది కదిలింది. సిగ్గు లేకుండ ఏడ్చిన. "ఏడ్వకు తమ్ముడు, ఆ నీళ్ళు గూడ బయటికి పోతయ్" అన్నది అక్క, తలెత్తకుండనే కుడుతూ.

బ్యాటరీ బలం కొంత తగ్గింది గాని నిలబడ్డది. వాగు దిగినంక మూటలు నెత్తిన పెట్టుకొని ఊరు ఊరే దాటిచ్చింది. బడి తెరిచిన పొద్దు పిల్లలందరి ఒంటి మీద అక్క కుట్టిన నీలం గళ్ళ చొక్కాలే. మిగిలిన గుడ్డతోని నాకూ ఒకటి కుట్టింది, కొలత గూడ తీసుకోకుండ. అదేసుకొని బడికి పోతే పెద్దసారు చూసుకోకుండ నన్ను వరుసల నిలబడమన్నడు. నిలబడ్డ గూడ.

ఇప్పుడు ఖమ్మంల నాకే చిన్న బ్యాటరీ దుకాణం ఉంది. పోయిన వారం పెట్టె సర్దుతుంటె మా ఇంటామెకు ఆ చొక్కా దొరికింది. ఏసుకుంటె పొట్ట కాడ గుండీలు, కాజాలు ఒకదాని మొకం ఒకటి చూడలే. ఆమె దాన్ని తిరగేసి, "ఇగో, పక్క కుట్ల లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి ఇడిసిండ్రు. ఎదిగే పిల్లల బట్టలకు గద గిట్ల ఇడుస్తరు, నీకెందుకు?" అని అడిగింది. ఉద్యోగస్తున్ని, గొట్టం జేబుల పెట్టుకొని తిరిగే సారును, అక్క లెక్కల ఇంకా ఎదిగే పిలగాన్నే. ఇన్నేండ్లు ఆ సంగతి కుట్ల మధ్యల పడుకొని ఉన్నది. కుట్లు విప్పి మళ్ళ కుట్టినా గుండీ పట్టలే. ఉండబట్టక అక్కకు ఫోను చేసి చెప్పిన. ఆమె ఎనక ఇప్పుడు నాలుగు మిషన్ల చప్పుడు.

"ఇగ ఎదగకు తమ్ముడు, గుడ్డ అయిపోయింది" అని నవ్వింది.