కాటా బ్రహ్మయ్య గోడమీది ఎనిమిదంకెలు

నరసరావుపేటలో మా సందులో ఉండే కాటా బ్రహ్మయ్యకు రెండో పెళ్ళి కుదిరిందనీ, గోడమీద ముహూర్తానికి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడనీ ఒక మాట తిరుగుతోంది. తిప్పినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, అసలు సంగతి తేల్చే పని కూడా నాదే.

బ్రహ్మయ్య ముప్పై ఏళ్ళు లారీల కాటా దగ్గర బరువులు రాసిన మనిషి. కాటా ఎక్కిన ప్రతి లారీ నంబరూ దేనితో పోతుందో భాగించి చూడటం అతనికో జబ్బు. భార్య పోయి ఆరేళ్ళయింది. మొన్న సోమవారం వరండా గోడమీద సుద్దముక్కతో 73939133 అని రాశాడు. ఫోన్ నంబరనుకుందామంటే రెండంకెలు తక్కువ. మర్నాడు చివరనున్న 3 ఒక్కటి చెరిపేశాడు. ఆ మర్నాడు ఇంకొకటి. చెరిపినప్పుడల్లా ఎదురుగా జిరాక్స్ షాపు నడుపుకునే శివపార్వతి కంప్యూటర్లో ఏదో కొట్టి చూసి కేకేస్తుంది:

“ఇవాళ కూడా ప్రధానమే బ్రహ్మయ్యగారూ!”

పాలు పోసే పుల్లమ్మ చెవిన ఆ మాట పడింది. ఇంకేముంది, తాంబూలాలు మార్చుకున్నారని సందంతా చాటింది. నా అనుమానం వేరు. సందులో మగవాళ్ళందర్నీ ‘అన్నయ్యా’ అని పిలిచే పార్వతి, ఇతన్ని మాత్రం ‘గారూ’ అంటుందేం? ఆమె భర్త లేని మనిషి. ఆ షాపే ఆమెకు తిండి. ఆ గది ఆమె తమ్ముడు జయకృష్ణది. ఈ పెళ్ళి మాట విని, శనివారం సత్తెనపల్లి నుంచి వచ్చి షాపుకు తాళం వేస్తానన్నాడట.

శనివారం పొద్దున్నే వెళ్ళాను. గోడమీద 739 మిగిలింది.

“ఏందయ్యా, ప్రధానం పెట్టుకొని మాకు చెప్పవా?”

“ఓసి అక్కా! ఒకటితోనూ తనతోనూ తప్ప దేంతోనూ పోని అంకెని ప్రధాన సంఖ్య అంటారు. ఆ ఎనిమిదంకెలదీ అంతే. చివర్నించి ఒక్కోటి కొట్టేసుకుంటా పో, మిగిలింది ఎప్పుడూ ప్రధానమే. ఇట్టాంటివాటిలో ఇంతకంటే పెద్దది లేదు.”

“మా ఇళ్ళల్లో ఇంకోరితో కలిసేదాన్ని ప్రధానమంటారు. నువ్వు ఎవురితోనూ పోనిదాన్నంటున్నావు. ఎట్టా నమ్మేది?”

“నమ్మబాక. భాగించుకో.”

చదివింది అయిదో తరగతే అయినా ఎక్కాలు మర్చిపోలేదు. అరుగుమీదే మొదలుపెట్టాను. ఏడుతో నూట అయిదు సార్లు పోయి నాలుగు మిగిలింది. పదమూడుతో పదకొండు మిగిలింది. ఇరవై మూడు దాకా చూశాక చాలన్నాడు.

“ఏం, ఆపైన దొరికిపోతావా?”

“ఇరవై ఎనిమిదిని ఇరవై ఎనిమిదితో హెచ్చిస్తేనే ఏడొందల ఎనభై నాలుగు, గోడమీదిదాన్ని దాటిపోద్ది అక్కా. ఇంకెంత దూరం పోతావు?”

అంతలో జయకృష్ణ తాళం పట్టుకుని రానే వచ్చాడు. అరుగుమీది నా లెక్క చూపించి, ఇది అంకెల ప్రధానం నాయనా, పెళ్ళిది కాదు అన్నాను.

“అంకెలు సరే పెద్దమ్మా. మనుషుల సంగతేంది?” అన్నాడు.

పార్వతి షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మిషను కాగితాలు కక్కుతూనే ఉంది, ఆమె తీయడం లేదు.

“బ్రహ్మయ్యా, లెక్కలు మాని సూటిగా చెప్పు. నీకూ పార్వతికీ ప్రధానం అయిందా, లేదా?”

సుద్దముక్క జేబులో వేసుకున్నాడు.

“కాలేదక్కా. ఆమెనింకా అడగందే ఎట్టా అయిద్ది?”