మా బావ తుంటి అరగదీసుకున్న వైనం

మా బావ టైల్స్ మేస్త్రీ. గొంతుక్కూర్చుని పనిచేయడంలో తనంతటివాడు లేడని ఆయనే చెప్పుకుంటాడు. ఇంకొకరికి ఆ అవకాశం ఇవ్వడు. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, లేవకుండా బాతులా జరుగుతూ పరిచేసి, చివర్లో లేచి నిలబడి, ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూస్తాడు. ఎవరూ చూడకపోతే దగ్గుతాడు.

ఆయనకి తాపీ పట్టడం నేర్పింది సొంత అన్న. మోకాళ్ళు అరిగాక పెద్దాయన చిన్న చెక్కపీట చేయించుకుని, దానిమీద కూర్చుని టైల్స్ వేసేవాడు. మా బావ ఊరుకుంటాడా? "పీటేసుకుని కూర్చున్నావు, వడ్డించమంటావా అన్నా?" అన్నాడు పనివాళ్ళందరి ముందూ. పీట మేస్త్రీ అని పేరు కూడా పెట్టాడు. కొన్నాళ్ళకి పెద్దాయన పని మానేసి, ఓ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కుదిరాడు. అక్కడైతే కుర్చీ కూడా ఇచ్చారని మా బావ దానికీ నవ్వాడు.

తర్వాత మా బావకే గజ్జలో పోటు మొదలైంది. స్కూటర్ ఎక్కాలంటే కాలు చేత్తో ఎత్తి అవతల వేసుకోవాలి. వంగి బూట్లు తొడుక్కోలేడు, కాలిగోళ్ళు తీసుకోలేడు. ఆ పనులన్నీ మా అక్క చేసేది. అడిగితే గ్యాసు అనేవాడు. గజ్జలోకి గ్యాసు ఏ దారిన వెళుతుందో ఆయనకే తెలియాలి.

చివరికి అక్క పోరు పడలేక ఆసుపత్రికి వెళ్ళాడు. తొడ ఎముక పైనుండే బంతి అంచు ఉబ్బిందనీ, బాగా వంగినప్పుడల్లా అది తాను కూర్చునే తుంటి గిన్నె అంచుకి తగిలి మధ్యలోని మెత్తటి భాగం నలుగుతోందనీ డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ సంగతి తర్వాత, ముందు వ్యాయామాలు అన్నాడు. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు పట్టీ ఇచ్చి, తుంటి చుట్టూ కండరాలు బలపడేలా ఏమేం చేయాలో చూపించింది. గొంతుక్కూర్చోవద్దని మరీమరీ చెప్పింది.

ఇన్ని మాటల్లో మా బావ చెవికెక్కింది ఒక్కటే. అంచు.

"అంచు తగిలితే ఏం చేస్తాం రా? రుద్దుతాం," అన్నాడు నాతో. "టైలు పట్టకపోతే రాయితో నాలుగు రుద్దులు రుద్దితే చక్కగా కూర్చోదూ? ఎముకైనా అంతే."

రబ్బరు పట్టీతో కారుతున్న మోటారు పైపుకి కట్టు కట్టాడు. రోజూ పొద్దున్నే బాల్కనీలో గ్రిల్లు పట్టుకుని, వీలైనంత కిందికి గొంతుక్కూర్చుని, మూలుగుతూ అటూ ఇటూ ఊగేవాడు. తన తుంటిని తనే నూరుకునే మహానుభావుణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అక్కతో పాటు నేనూ వెళ్ళాను.

"రోజూ చేస్తున్నారా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"చేస్తున్నానమ్మా. చెమటలు పడుతున్నాయి."

ఆమె ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టి, పైకాలు ఎత్తమని, అరచేత్తో కాస్త నొక్కింది. కాలు దబ్బున పడింది. ఏదీ, మీరు చేసేదే చేసి చూపించండి అంది. మా బావ మీసం సర్దుకుని గొంతుక్కూర్చున్నాడు. ఇక లేవలేకపోయాడు. నేనూ అక్కా చెరో రెక్కా పట్టి లేపాం.

"అరిగితే సాఫీ అవుతుందనుకున్నానమ్మా," అన్నాడు.

"అరిగేది ఎముక కాదండీ, మధ్యలో ఉన్న మెత్తటి భాగం. అది పోతే తీసి ఇంకోటి వేయడానికి టైలు కాదు. ఇలాగే రుద్దితే మళ్ళీ నేలపని చేయలేరు."

ఆ పని పోతే మా బావ దగ్గర మిగిలేది దగ్గొక్కటే. ఆ సంగతి ఆయనకీ తెలిసింది.

"గోళ్ళు తీయడం నాకేం కష్టం కాదు. మీ అబద్ధాలు వినడమే కష్టం," అంది అక్క దారిలో.

ఇంటికి రాగానే పైపుకున్న పట్టీ ఊడదీసింది. తను కుర్చీ వేసుకుని కూర్చుని, ఆయన చేత వ్యాయామాలు చేయించింది. నెలలు పట్టింది. ఆ అమ్మాయి నొక్కితే కాలు ఆగడం మొదలైంది. బూట్లు తనే తొడుక్కున్నాడు. ఇక పనిలోకి వెళ్ళొచ్చు, కానీ ఎత్తుమీద కూర్చునే చేయాలి అందామె. మా బావ వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగి, నన్ను పిలిచాడు.

"అన్న దగ్గర ఆ పీట ఉందేమో అడుగు."

"నువ్వే అడుగు బావా," అన్నాను. ఆ తమాషా చూడాలని నాకు మహా సరదాగా ఉంది. బండి మీద తీసుకెళ్ళాను.

పీట ఉందా అని మా బావ గొణిగాడు. పెద్దాయన గేటు గదిలోకి వెళ్ళి, పీటమీది నీళ్ళబిందె దించి, పీటని తువ్వాలుతో తుడిచి తెచ్చాడు.

"ఇది నా మోకాళ్ళకి చేయించింది. నీ తుంటికి ఎత్తు చాలదు, కాళ్ళకింద చెక్కముక్కలు కొట్టించుకో."

"నవ్వుతారేమో అన్నా," అన్నాడు మా బావ.

"రెండ్రోజులు నవ్వుతారు. నవ్వనీ."

"మరి నువ్వు మానేశావుగా."

"పనివాళ్ళు నవ్వినందుకు మానలేదురా నేను," అన్నాడు పెద్దాయన, బిందె ఎక్కడ పెట్టాలా అని చూస్తూ.

మా బావ పీట ఒళ్ళో పెట్టుకుని బండెక్కాడు. ఇల్లు చేరేదాకా వెనకనుంచి ఒక్క దగ్గు కూడా వినపడలేదు.