పదిహేడు మీటర్ల వరండా

డ్రిల్లు మాస్టారి లెక్కలో నడక వ్యాయామం కాదు. కాళ్లున్న ప్రతివాడూ ఎలాగూ చేసే పని, అంతే. స్టాఫ్ రూములో సైన్సు టీచరు రోజూ పొద్దున్నే గంటసేపు నడుస్తున్నానని గొప్పలు పోతే, "బావుందండీ, రేపట్నుంచి ఊపిరి పీల్చడం కూడా వ్యాయామమేనంటారు" అని అందరి ముందూ ఆవిడ గాలి తీసేశారు. పాపం ఆవిడ వారం రోజులు ఈయనకి ముఖం చూపించలేదు. ముప్పయ్యేళ్లుగా మెడలో ఈల వేసుకుని పిల్లల్ని పరిగెత్తించిన మనిషి. చొక్కా తడవనిదే అది కసరత్తే కాదని ఆయన సిద్ధాంతం.

అలాంటి మనిషి ఇప్పుడు ఆస్పత్రి మూడో అంతస్తులో, కారిడార్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. భార్య ఆరు నిమిషాలు నడవబోతోంది. ఆ ఆరు నిమిషాల కోసం ఆయన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నారు.

ఆవిడది బైండింగు షాపులో పుస్తకాలు కుట్టే పని. ఇరవై ఏళ్లుగా కూర్చున్నచోటే. నెల క్రితం ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. ఆ భాగం తీసేయాలి. తీసేశాక మిగిలింది ఈ మనిషిని నడిపించగలదో లేదో ముందే తేలాలి. అందుకని సర్జన్ ఒక మెలిక పెట్టాడు. "ఆరు నిమిషాల్లో నాలుగు వందల మీటర్లు నడిస్తే ఆపరేషన్ చేస్తాను. లేకపోతే మందులతోనే నెట్టుకురావాలి." రెండో మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. ఎందుకు తగ్గించాడో మొగుడికీ పెళ్లానికీ ఇద్దరికీ అర్థమైంది.

మాస్టారు మూడు వారాల గడువు అడిగి తెచ్చుకున్నారు. ఇంటి ముందు పొడుగాటి వరండాలో సుద్దముక్కతో రెండు గీతలు గీశారు. "ఇక్కణ్ణించి అక్కడికి ఇరవై మీటర్లు" అన్నారు. నిజానికి పదిహేడు.

ఇది ఆయన చేతిలో పాత విద్యే. బడిలో బెరుకు పిల్లలకి గీత కాస్త దగ్గరగా గీసి, "వంద మీటర్లు ఎంత చప్పున కొట్టేశావురా!" అనేవారు. ఆ పొంగులో వాళ్లు అసలు పందెంలోనూ దూసుకుపోయేవారు. అదే విద్య భార్య మీద ప్రయోగించారు. మొదటి రోజు ఆవిడ ఆరు నిమిషాల్లో పదిహేడు సార్లు ఆ గీతకీ ఈ గీతకీ నడిచి, గోడకి చేరగిలబడి, "ఎంతయిందండీ?" అంది. "మూడు వందల నలభై" అన్నారు. ఆవిడ ముఖం వికసించింది. నిన్నటికి అది ఇరవై ఒకటిన్నర సార్లయింది. "నాలుగు వందల ముప్పై! ఇంకేం కావాలి?" అన్నారు. నిజం మూడు వందల అరవై అయిదు. కానీ ఆవిడ నవ్వుతుంటే నోరు రాలేదు.

ఇవాళ ఆస్పత్రికి వచ్చేటప్పుడు బస్సులోనైనా చెబుదామనుకున్నారు. "ముప్పై మీటర్లు మిగులుందిగా, మీకెందుకండీ అంత కంగారు?" అని ఆవిడే ఆయన్ని ఓదార్చింది. మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. అసలు పందెంలో పిల్లలు పుంజుకున్నట్టు ఈవిడా పుంజుకుంటుందిలే అని తనకి తాను సర్దిచెప్పుకున్నారు.

కారిడార్‌లో ముప్పై మీటర్ల దూరాన రెండు నారింజ రంగు కోన్లు పెట్టారు. ఫిజియో అమ్మాయి ఆవిడ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు తగిలించి, మాస్టారి వైపు తిరిగింది.

"సార్, మీరు మాట్లాడకూడదు. సైగలు కూడా వద్దు. నిమిషానికోసారి నేను చెప్పే మాట తప్ప ఇంకేం వినబడినా టెస్టు చెల్లదు."

"అలాగే" అన్నారు మాస్టారు.

ఆవిడ మొదలుపెట్టింది. వరండాలో నడిచినట్టే, అదే జోరు, అదే అడుగు. మొదటి మలుపు దగ్గర ఆయన వంక చూసి నవ్వింది. ఎవరెంత వేగంగా వెళ్తున్నారో కంటితో కొలవడం మాస్టారి వృత్తి. ఈ నడక నాలుగు వందలకి చేరదని ఆయనకి రెండో నిమిషంలోనే తెలిసిపోయింది. నాలుగో నిమిషంలో ఆవిడ ఇంకాస్త నెమ్మదించింది. తొందరేం లేదన్నట్టు తీరిగ్గా చెయ్యి ఊపింది కూడా. మాస్టారు కుర్చీలోంచి సగం లేచారు. నోరు తెరిచారు. ఫిజియో అమ్మాయి కళ్లెర్రజేసింది. మళ్లీ కూలబడ్డారు.

"ఆగండమ్మా. అయిపోయింది." అమ్మాయి టేపు వేసి చూసింది. "మూడు వందల డెబ్బై ఒకటి."

ఆవిడకి అర్థం కాలేదు. "ఎక్కడో తప్పు పడిందమ్మా. ఇంట్లో నిన్ననే నాలుగు వందల ముప్పై నడిచాను."

"ఇంట్లో ఎవరు కొలిచారు?"

"మా ఆయన. డ్రిల్లు మాస్టారు. ఆయన కొలిస్తే తేడా రాదు."

ఆ మాటకి మాస్టారి తల నేలకేసి వాలిపోయింది. "వరండా ఇరవై కాదు" అన్నారు. "పదిహేడే."

ఫిజియో అమ్మాయే మధ్యలో కల్పించుకుని, గంట విశ్రాంతి తీసుకుని ఇంకోసారి నడవచ్చని, రెండింట్లో మెరుగైనదే సర్జన్‌కి పంపుతానని చెప్పి వెళ్లిపోయింది.

"నేను బడిపిల్లనా?" అంది ఆవిడ అప్పుడు.

"నీకు ధైర్యం రావాలని..."

"ఇందాక నాకు ఇంకా ఓపికుందండీ! ఎలాగూ దాటేస్తాం కదా, ఆయాసపడటం ఎందుకని కావాలనే తగ్గాను. ప్రాణం నాది. ఎంత దూరం నడవాలో తెలియాల్సింది నాకు కాదూ?"

మాస్టారు మంచినీళ్లు తెచ్చిచ్చారు. ఆవిడ తాగలేదు.

రెండోసారి ఆవిడ ఆయన వైపు చూడలేదు. పళ్లు బిగబట్టి, మొదటి అడుగు నుంచే విసురుగా నడిచింది. మూడో నిమిషానికి ఊపిరి బుసలు కొడుతున్నట్టు వినబడింది. నాలుగో నిమిషంలో గోడకి చెయ్యి ఆనించి ఆగిపోయింది. గడియారం ఆగదు, అది రూలు. మాస్టారు లోపల్లోపలే సెకన్లు లెక్కపెట్టారు. తొమ్మిది, పది, పదకొండు. ఇక నడవదనుకున్నారు. ఆవిడ గోడ వదిలేసి మళ్లీ కదిలింది. పెదాలు పాలిపోయాయి, మెడ నరాలు తేలాయి, అయినా అడుగు పడుతూనే ఉంది. ముప్పయ్యేళ్లలో ఏ పరుగు పందెంలోనూ ఇంత కష్టపడ్డ ఒంటిని ఆయన చూడలేదు. నడకని వెక్కిరించిన నోటిని మనసులోనే నానా తిట్లూ తిట్టుకున్నారు. ఉన్నచోటు నుంచి కదలకుండానే ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది.

"ఆగండమ్మా."

ఆవిడ కోను దాటి కొద్ది దూరంలో ఆగింది. అమ్మాయి టేపు పట్టుకుని వంగింది. "నాలుగు వందల నాలుగు."

"ఇంకోసారి కొలువమ్మా" అంది ఆవిడ, మాట మాటకీ ఎగశ్వాసతో. మళ్లీ కొలిచారు. నాలుగు వందల నాలుగే.

మాస్టారికి కళ్లనీళ్లు ఆగలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విడిపించుకోలేదు గానీ గట్టిగానూ పట్టుకోలేదు.

గంటలో సర్జన్ గదిలోంచి నర్సు ఆపరేషన్ కాగితాలు తెచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది. ఆవిడ పెన్ను తీసుకుని ఆగిపోయింది.

"ఏవండీ, గడువు అడగడానికి మీరొక్కరే వెళ్లినప్పుడు, ఇందులో ప్రమాదం నూటికి రెండని సర్జన్ గారు చెప్పారన్నారు. అది ఆయన లెక్కా, మీ లెక్కా?"

కారిడార్‌లో ఎవరో బండి తోసుకుంటూ వెళ్లారు. మాస్టారు తన చేతిలో ఉన్న ఆవిడ కళ్లజోడు మడతపెట్టారు, మళ్లీ విప్పారు.

"ఎనిమిది" అన్నారు.

ఆవిడ తలూపింది. ఆయన చేతిలోని కళ్లజోడు అడిగి తీసుకుని, మొదటి పేజీ నుంచి ప్రతి వాక్యం తనే చదువుకుని, చివర్లో సంతకం పెట్టింది. చదివినంతసేపూ ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు.