మిరియపు గింజంత ముఖం

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చీమ సంగతి చెప్పినా అది ఏనుగై వస్తుంది. మీరే సగానికి సగం తగ్గించుకోండి.

మదనపల్లెలో మా వీధి ఫోటో స్టూడియో పెద్దాయన ఒక్క క్షణం నిలబడితే భూమి ఆగిపోతుందన్నట్టు తిరిగేవాడు. తాను తప్ప లోకంలో మరేదీ కదలకూడదు. వెడల్పాటి రీలు వేసే పాత కెమెరా నుంచి కొబ్బరికాయంత లెన్సు ఊడదీసి, సైకిల్ ట్యూబుతో కొత్త కెమెరాకు బిగించాడు. దాంతో దగ్గరగా తీస్తే వెంట్రుకవాసి జరిగినా బొమ్మ మసకే. అందుకే టమాటా మీది పురుగును ఫోటో తీస్తూ దాన్ని కూడా "కదలాకప్పా!" అని బతిమాలేవాడు.

ఒకరోజు కుప్పం నుంచి ఒకామె మిషన్ ఆసుపత్రి నర్సుల గ్రూపు ఫోటో తెచ్చింది. అందులో వాళ్లమ్మ ముఖం మిరియపు గింజంత.

"మాయమ్మది ఇంకో పోటో లేదన్నా. నాకు మొగమే గ్యాపకం లేదు. పెద్దది సేసి సూపించు."

ఆయన ఫోటోను బల్ల మీద పరిచి, ఊపిరి బిగబట్టి, "కదలాకమ్మా" అన్నాడు.

"కాయితం యాడికి పోతాదప్పా?" అన్నాను.

"నువ్వు నోరు మూయి. నీ గాలికి ఆయమ్మ ఊగతాండాది!"

నాలుగొందల సార్లు తీశాడు. చివరికి గడ్డం మీది పుట్టుమచ్చతో సహా ముఖం తేటగా వచ్చింది.

నేను కల్పించింది ఈ ఆఖరి మాటే. వచ్చినవి వట్టి నల్ల చుక్కలు. ఆమె "సాల్లేన్నా, ఈమే మాయమ్మ" అని కళ్లకద్దుకుని వెళ్లింది. ఆయనకే చాల్లేదు. కాళ్లు ఆడినన్నాళ్లూ లెన్సు సంకన పెట్టుకుని, పుంగనూరులో బస్సు మారి, కుప్పం పోతూనే ఉన్నాడు, ఇంకొక్కసారి తీస్తానని.